ఇద్దరు జ్వరమని ఫోన్ చేశారు, సాయంత్రం షిఫ్ట్ నడిపేదెలా?

ఒడిశాలోని రాయగడలో ఒక సూపర్ మార్కెట్‌లో సాయంత్రం షిఫ్ట్ చూసుకునే తమ్ముడు అడిగిన సంగతి ఇది. షిఫ్ట్‌లో మొత్తం ఆరుగురు. ఈ నెలలో నాలుగుసార్లు ఇద్దరేసి మనుషులు జ్వరమని రాలేదు. ఓనర్‌ని అడిగితే "సర్దుకోండి" అంటాడు. పదకొండు రోజులుగా అతనే ఉదయం 9 నుంచి రాత్రి 10 దాకా నిలబడుతున్నాడు. మిగిలినవాళ్ళు కూడా మానేస్తామంటున్నారు. ఏం చెయ్యాలి?

తమ్ముడూ, నేను ఈ పనిలో 19 ఏళ్ళుగా ఉన్నాను. మొదట గుణుపురంలో ఒక కిరాణా కొట్టులో చిట్టీలు రాసేదాన్ని. తర్వాత రాయగడ వచ్చి బిల్లింగ్‌లో కూర్చున్నాను. ఇప్పుడు ఫ్లోర్ మొత్తం నేనే చూస్తాను. నువ్వు రాసింది చదివితే నీ ఇబ్బంది ఎక్కడుందో తెలిసిపోయింది. ఆరుగురి పనిని నలుగురితో చేయించాలని చూస్తున్నావు. అది జరగదు కాబట్టి ఆ మిగిలిన ఇద్దరి పనీ నీ నెత్తిన వేసుకుంటున్నావు. మనిషి తగ్గిన రోజు ముందు పని తగ్గించాలి. తగ్గించగా మిగిలినదానికే మనుషుల్ని వెతకాలి. నేను ఇది ఆలస్యంగా నేర్చుకున్నాను, నేర్చుకోవడానికి ఒక పిల్లాడు బాధపడాల్సి వచ్చింది. ముందు అది చెప్తాను.

ఏడేళ్ళ కిందటి ఆగస్టు. అప్పుడు నేను వేరే కొట్టులో ఉండేదాన్ని. జిమిడిపేట నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చే కుర్రాడొకడు మధ్యాహ్నం ఫోన్ చేసి, "అక్కా, చలిజ్వరం, రాలేను" అన్నాడు. అప్పటికే ఇంకొకరు రాలేదు. ఫ్యాక్టరీ జీతాలు పడిన వారం. నేను ఏమన్నానో ఇప్పటికీ గుర్తుంది: "మూటలు మొయ్యమనడం లేదు కదరా, కూర్చుని చేసే పనే. రెండు గంటలు కూర్చుని వెళ్ళిపో." వచ్చాడు. యూనిఫాం మీద స్వెట్టర్, మెడకి మఫ్లర్. ఆరున్నరకి నేను అతని కౌంటర్ పక్కన నిలబడి సంచులు అందిస్తున్నాను. ఒక నూనె ప్యాకెట్ మీద స్కానర్ పెట్టాడు. ఎర్ర గీత ఆ ప్యాకెట్ మీద ఒక్కచోట నిలవడం లేదు, అటూ ఇటూ వణుకుతోంది. బీప్ రావడం లేదు. స్కానర్ పక్కన పెట్టి, 890తో మొదలయ్యే ఆ 13 అంకెలూ చేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. తొమ్మిదో అంకె దగ్గర తప్పు కొట్టాడు. చెరిపి మళ్ళీ కొట్టాడు. వెనక లైన్‌లోవాళ్ళు గొణుగుతున్నారు. మూడోసారి కీబోర్డు మీద వేలు పెట్టి అలాగే తల కౌంటర్ మీద వాల్చేశాడు. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది.

ఆసుపత్రిలో రక్తం చూసి ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా అన్నారు. మొదటిరోజే ఇంట్లో పడుకుని మందు వేసుకుని ఉంటే వారంలో తిరిగి వచ్చేవాడేమో. ఇరవై రోజులు రాలేదు. ఆ కౌంటర్ ఎలాగూ ఆ సాయంత్రం మూసెయ్యాల్సే వచ్చింది. వాళ్ళ అమ్మ ఆసుపత్రి వరండాలో నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అది నాకు ఇంకా కష్టంగా ఉండింది. అప్పటినుంచి జ్వరమని ఫోన్ చేసినవాళ్ళని నేను రమ్మని అడగలేదు. నువ్వూ అడక్కు. "కాసేపైనా" అని కూడా అనకు.

మన జిల్లాల్లో జ్వరాన్ని తేలిగ్గా తీసుకునే వీల్లేదు. రాయగడ, కోరాపుట్ కొండ ప్రాంతాల్లో మలేరియా ఎంత ఎక్కువంటే ప్రభుత్వం 2017లో దమన్ అని దానికోసం ప్రత్యేకంగా కార్యక్రమమే పెట్టింది. వాన మొదలైన దగ్గర్నుంచి దసరా దాకా మనకి నాగాలు ఎక్కువ ఉండేది ఇందుకే. షిఫ్ట్ చూసుకునేవాడిగా నువ్వు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మలేరియా జ్వరం చాలాసార్లు రోజు విడిచి రోజు వస్తుంది. మధ్యలో రోజు మనిషి మామూలుగానే కనిపిస్తాడు, "తగ్గిపోయింది అక్కా, వచ్చేస్తున్నా" అంటాడు. ఆ మాట నమ్మి రోస్టర్‌లో వేశావా, మర్నాడు సాయంత్రం మళ్ళీ ఖాళీ. అందుకని చలితో జ్వరం అన్నప్పుడు నేను ఒక్కరోజు లెక్క వెయ్యను. రక్తపరీక్ష చేయించుకోమంటాను. ఊళ్ళో ఆశా కార్యకర్త దగ్గరే కిట్ ఉంటుంది, వేలి మీద చిన్న పోటు, పావుగంటలో తెలిసిపోతుంది. మలేరియా అని తేలితే కనీసం అయిదు రోజులు అతను లేడనుకునే షిఫ్ట్ వేస్తాను. డెంగీ అయితే ఇంకా జాగ్రత్త. దానిలో జ్వరం దిగిన తర్వాత ఒకటి రెండు రోజులే అసలు ప్రమాదం. జ్వరం తగ్గింది కదా అని ఆ రోజుల్లో పిలవడం మహా తప్పు.

వాంతులు, విరేచనాలు అని ఫోన్ వస్తే అది వాళ్ళ ఆరోగ్యం ఒక్కటే కాదు, మన కొట్టు పరువు కూడా. పప్పులు, అటుకులు, బెల్లం చేత్తో కట్టే మనిషి కడుపు బాగాలేకుండా వస్తే ఆ జబ్బు ఎన్ని ఇళ్ళకి వెళ్తుందో ఆలోచించు. జబ్బుతో ఉన్న మనిషిని తినే సరుకు ముట్టనివ్వకూడదని ఆహార భద్రత నియమాల్లోనే ఉంది. కొట్టుకి లైసెన్సు ఇచ్చింది ఆ షరతు మీదే. విరేచనాలు ఆగిన తర్వాత కూడా 48 గంటలు ఆగాకే లూజు సరుకు దగ్గర నిలబెడతాను. 2023 వానాకాలంలో కండ్లకలక వచ్చినప్పుడు చూశాం కదా, ఒకరు కళ్ళు నులుముకుంటూ నోట్లు లెక్కపెడితే మూడు రోజుల్లో అందరికీ అంటుకుంది. ఒకరిని ఇంటికి పంపకపోతే నలుగురు మంచాన పడతారు.

ఇక ఫోన్ రాగానే ఏం చెయ్యాలో చెప్తాను. మా దగ్గర సగం ఫోన్లు ఒడియాలో వస్తాయి, "దేహ భల నాహి" అని, అంటే ఒంట్లో బాగాలేదని. నేను అడిగేవి మూడే: ఏమైంది, ఎవరికైనా చూపించావా, ఎన్ని రోజులు అనుకోమంటావు. నిజమేనా, నిన్న బాగానే ఉన్నావుగా లాంటి ప్రశ్నలు వెయ్యను. ఆ ప్రశ్నల వల్ల మనిషి రాడు సరికదా, రేపట్నుంచి ఫోన్ చెయ్యడమే మానేస్తాడు. ఫోన్ లేకుండా రాకపోవడం ఇంకా కష్టం. మధ్యాహ్నం ఒంటిగంట షిఫ్ట్‌కి ఉదయం 8కే తెలిస్తే నీకు అయిదు గంటల టైమ్ ఉంటుంది. అందుకని మా దగ్గర పొద్దున్నే చెప్పినవాళ్ళకి నేను థాంక్స్ చెప్తాను, నిజంగానే చెప్తాను.

ఆ అయిదు గంటల్లో చెయ్యాల్సినదే అసలు పని. సాయంత్రం నీ కొట్టులో ఏం జరుగుతుందో ఒకసారి నిలబడి చూడు. జనం 5:30 నుంచి 8:30 మధ్యే విరుచుకుపడతారు. ఒక్క బిల్లుకి సగటున మూడు నిమిషాలు అనుకుంటే ఒక కౌంటర్ గంటకి ఇరవై మందిని పంపుతుంది. ముప్పై అయిదు మంది వచ్చే గంటలో ఒక్క కౌంటరే ఉంటే పదిహేను మంది నిలబడిపోతారు, వాళ్ళలో కొందరు బుట్ట అక్కడే పెట్టి వెళ్ళిపోతారు. ఆ బుట్టలో పెరుగు ఉంటుంది, దాన్ని మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టడానికి ఇంకో మనిషి కావాలి. కాబట్టి నలుగురే ఉన్నా ఆ మూడు గంటలూ రెండు బిల్లింగ్ కౌంటర్లూ నడవాలి. అది మొదటి నిర్ణయం. ఒక మనిషి తలుపు దగ్గర, లూజు సరుకు దగ్గర. ఒక మనిషి ఫ్లోర్ మీద. అంతే, నలుగురు అయిపోయారు. మిగతా పనులన్నీ ఆ మూడు గంటల్లోంచి బయటికి తోసెయ్యి.

వాటిలో పెద్దది తూకం. కందిపప్పు అరకిలో, మినప్పప్పు కిలో అని ఒక్కొక్కరికీ తూచి స్టిక్కర్ వేసి ఇస్తుంటే అక్కడే లైన్ ఆగిపోతుంది. మనుషులు తక్కువని తెలిసిన రోజు మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య, కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు, బాగా పోయే ఎనిమిది పది సరుకులు అరకిలో, కిలో పొట్లాలు కట్టించేస్తాను. బరువు, ధర, కట్టిన తేదీ స్టిక్కర్ మీద ఉండాలి, అది మానొద్దు. సాయంత్రం తూకం దగ్గర రద్దీ సగానికి సగం తగ్గిపోతుంది. నాకు తెలిసినంతలో ఒక మనిషి లేని లోటు ఎక్కువగా తీర్చేది ఈ పనే.

రెండోది సరుకు దింపుకోవడం. డిస్ట్రిబ్యూటర్ బండి ఎప్పుడొస్తే అప్పుడు కళాసీలతో దింపించుకుని, బిల్లు చూసి, బస్తాలు లెక్కపెట్టే అలవాటు ఆ రోజుకి మానెయ్యి. మధ్యాహ్నమే ఫోన్ చేసి, పాలు, పెరుగు, బ్రెడ్ తప్ప మిగతావి రేపు పదింటికి తెమ్మను. వాళ్ళు కాస్త విసుక్కుంటారు, అంతే. సాయంత్రం హడావుడిలో లెక్క చూడకుండా సంతకం పెట్టిన బిల్లుల్లోనే మనకి సరుకు తక్కువ వస్తుంది. హోమ్ డెలివరీ ఆర్డర్లు 6 తర్వాత తీసుకోకు, రేపు పొద్దున్న పంపుతామని చెప్పు. గోడౌన్ సర్దడం, ఎక్స్‌పైరీ తేదీలు చూడడం, ర్యాకులు తుడవడం ఒక్కరోజు ఆగితే ఏమీ కాదు. పాలు, బ్రెడ్ తేదీలు మాత్రం ఆ రోజే చూడాలి.

తలుపు దగ్గర పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఒడియాలోనూ ఒక కాగితం అతికించు: "ఈ రోజు మా సిబ్బంది తక్కువ. కాస్త ఓపిక పట్టండి." ఇది మొదట్లో ఓనర్లకి నచ్చదు, పరువు తక్కువనుకుంటారు. కానీ జనం ఇది చదివాక అరవడం తగ్గిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. కారణం తెలియనప్పుడే కోపం ఎక్కువ.

భాష సంగతి కూడా ఆలోచించి షిఫ్ట్ వెయ్యి. ఈ ఊళ్ళు 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోవి కాబట్టి తెలుగుతో మనకి చాలావరకు గడిచిపోతుంది. అయినా సంతరోజు కొండమీద నుంచి దిగే కువి భాష మాట్లాడే ఆడవాళ్ళకి తెలుగూ రాదు, ఒడియా అంతంతమాత్రం. కువి వచ్చిన పిల్ల నీ దగ్గర ఒక్కతే ఉంటే, ఆమె రాని రోజు ఇంకెవరు ఉన్నా ఆ లోటు తీరదు. ధర అర్థంకాక వాళ్ళు బిల్లు దగ్గర సరుకు ఒక్కొక్కటే తీసి వెనక్కి ఇచ్చేస్తుంటే చూడడం చాలా బాధగా ఉంటుంది. సంతరోజుకి ఆ భాష వచ్చినవాళ్ళు ఇద్దరైనా ఉండేలా ముందే చూసుకో.

గల్లా విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్తాను. మనుషులు తక్కువైన రోజునే డబ్బు తేడా వస్తుంది. ఒకరు అన్నానికి వెళ్తే ఇంకొకరు అదే లాగిన్‌లో, అదే పెట్టె దగ్గర కూర్చుంటారు. రాత్రి లెక్కలో 500 తగ్గితే ఎవరిదని చెప్తావు? మా దగ్గర ఒకమ్మాయి తనది కాని తేడాకి జీతంలోంచి డబ్బు కట్టింది, నెల తిరక్కుండా పని మానేసింది. ఎంత రద్దీ ఉన్నా మనిషి మారితే లాగిన్ మారాలి, పెట్టెలో డబ్బు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి కాగితం మీద రాసి సంతకం చెయ్యాలి. మూడు నిమిషాల పని. ఆ మూడు నిమిషాలు లైన్ ఆగితే ఆగనీ.

ఇన్ని తగ్గించాక కూడా మనిషి కావాల్సి వస్తే అప్పుడు ఫోన్ తియ్యి. ఇక్కడ అందరం చేసే తప్పు, ఎప్పుడూ "సరే" అనేవాళ్ళకే ముందు ఫోన్ చెయ్యడం. వాళ్ళే ముందు అలిసిపోతారు, వాళ్ళే ముందు జబ్బుపడతారు. పోయినసారి ఎవరు వచ్చారో రాసిపెట్టుకుని ఈసారి వేరేవాళ్ళని అడుగు. అడిగేటప్పుడు మొత్తం షిఫ్ట్ అడక్కు. ఉదయం షిఫ్ట్‌లోవాళ్ళని నాలుగు గంటలు ఆగమను, లేదా సెలవులో ఉన్నవాళ్ళని 5 నుంచి 9 దాకా రమ్మను. "ఆ నాలుగు గంటలే, బిల్లింగే, తొమ్మిదికి వదిలేస్తాను" అని కచ్చితంగా చెప్తే చాలామంది వస్తారు. చెప్పిన టైమ్‌కి వదిలెయ్యడం ముఖ్యం. ఒక్కసారి తొమ్మిదని పదిన్నర చేశావంటే మరోసారి నీ ఫోన్ ఎత్తరు. కూనేరు, జిమిడిపేట, పార్వతీపురం వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్ళని ఆగమనకు, వాళ్ళ బండి వెళ్ళిపోతే రాత్రంతా స్టేషన్లోనే. ఆడపిల్లల్ని 8 దాటి ఉంచితే ఆటో కొట్టు ఖర్చుతో ఇంటి గుమ్మం దాకా వెళ్ళాలి. తక్కువపడ్డారు కదా అని పక్కింటి పిల్లల్ని సంచులు కట్టడానికి కూర్చోబెట్టే అలవాటు కొన్ని కొట్లలో ఉంది. పద్నాలుగు నిండని పిల్లల్ని అలా పనిలో పెట్టడం నేరం. పద్దెనిమిది నిండనివాళ్ళని నేనైతే రానివ్వను.

ఎక్కువ చేసిన ప్రతి గంటా ఒక నోటుబుక్‌లో రాయించు. తేదీ, పేరు, ఎవరి బదులు, ఎన్ని గంటలు. పక్కన వాళ్ళ సంతకం. ఓవర్‌టైమ్‌కి మామూలు కూలికి రెట్టింపు ఇవ్వాలన్నది చట్టం. మీ ఓనర్ ఇస్తున్నాడా లేదా నీ ఉత్తరంలో లేదు. ఇవ్వకపోతే అడగడానికి ఆ పుస్తకమే ఆధారం. దానిలో నీ గంటలు కూడా రాసుకో తమ్ముడూ. పదకొండు రోజులు, రోజుకి పదమూడు గంటలంటే 143 గంటలు. వారానికి 48 గంటల చొప్పున చూసుకుంటే అది మూడు వారాల పని. అది నీ ఒంట్లోంచే పోయింది. తర్వాత జ్వరమని ఫోన్ చేసేది నువ్వే అయితే షిఫ్ట్ ఎవరు చూస్తారు?

కొందరు అబద్ధం చెప్తారు, నిజమే. కానీ ఎందుకు చెప్తారో చూడు. విజయనగరం వైపువాళ్ళకి దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ ఉంటుంది. సెలవు అడిగితే ఇవ్వరు, అందుకని "జ్వరం" అంటారు. ఒడియా పిల్లలు జూన్‌లో రజొ పండక్కి, కొండవాళ్ళు చైత్ర పరబ్‌కి అదే చేస్తారు. మా దగ్గర నేను ఏడాది మొదట్లోనే అందర్నీ కూర్చోబెట్టి క్యాలెండర్ మీద ఎవరికి ఏ పండగ ముఖ్యమో రాయిస్తాను. సంక్రాంతి మూడు రోజులూ ఒడియావాళ్ళు కొట్టు చూసుకుంటారు, రజొకి మన తెలుగువాళ్ళు చూసుకుంటారు. రథయాత్రకి మాత్రం ఇద్దరికీ ఆశ ఉంటుంది, అక్కడ చీటీలు వేస్తాం. ఈ పద్ధతి పెట్టాక పండగ జ్వరాలు దాదాపు పోయాయి. రెండు మూడు రకాల మనుషులు కలిసి పనిచేసే మన సరిహద్దు ఊళ్ళకే ఉన్న వసతి ఇది, వాడుకోకపోతే మన తప్పే. అప్పటికీ ఎవరైనా ప్రతి ఆదివారం జ్వరమంటే పక్కకి పిలిచి తారీఖులు చూపించి మాట్లాడు. అందరి ముందు వద్దు.

ఓనర్ దగ్గరికి వట్టి మాటలతో వెళ్ళకు. రెండు నెలల నోటుబుక్ తీసుకెళ్ళు. ఎన్ని రోజులు ఎంతమంది తగ్గారు, ఆ రోజుల్లో 6 నుంచి 8 మధ్య ఎన్ని బిల్లులు పడ్డాయి, మనుషులు నిండుగా ఉన్న రోజు ఎన్ని పడ్డాయి, వదిలేసి వెళ్ళిన బుట్టలెన్ని. బిల్లింగ్ సిస్టంలో గంటలవారీ లెక్క ఉంటుంది, తీసి ప్రింట్ చెయ్యి. నువ్వు అడగాల్సింది ఒకటే: వాన నెలల్లో సాయంత్రం నాలుగు గంటలకి ఒక రిజర్వు మనిషి. డిగ్రీ చదివే పిల్లలు చాలామంది ఆ టైమ్‌కి దొరుకుతారు. నిండు జీతం అక్కర్లేదు. వదిలేసిన బుట్టల లెక్క చూస్తే ఆ జీతం ఎక్కడినుంచి వస్తుందో అతనికే అర్థమవుతుంది. ఒక ఓనర్ "సర్దుకోండి" అంటున్నాడంటే అతనికి ఆ లెక్క ఎవరూ చూపించలేదనే ముందు అనుకో.

మీ జీతం చిట్టీలో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ఉందో లేదో చూసుకో. నెలకి 21,000 వరకు జీతం ఉన్నవాళ్ళకి అది వర్తిస్తుంది. మన జీతంలోంచి 0.75 శాతం, ఓనర్ వైపునుంచి 3.25 శాతం కడతారు. ఆరు నెలల్లో 78 రోజుల చందా ఉన్నవాళ్ళకి జబ్బు సెలవులో రోజు కూలిలో 70 శాతం వస్తుంది, ఏడాదిలో 91 రోజుల దాకా. మొదటి రెండు రోజులకి మామూలుగా రాదు, డాక్టర్ సర్టిఫికెట్ ఈఎస్‌ఐ వాళ్ళదే కావాలి. ఇది తెలియకే చాలామంది పిల్లలు కూలి పోతుందని జ్వరంతో వచ్చేస్తారు. మీ ఆరుగురికీ ఈ వారమే చెప్పు.

రేపటికి మాత్రం ఇలా చెయ్యి. పొద్దున్న రాని ఇద్దరికీ ఫోన్ చేసి, రక్తపరీక్ష చేయించుకున్నారో లేదో మాత్రం అడుగు. మలేరియా అంటే వచ్చే సోమవారం దాకా వాళ్ళ పేర్లు రోస్టర్‌లోంచి తీసెయ్. 11కి డిస్ట్రిబ్యూటర్లకి ఫోన్, 2కి పొట్లాలు, 5కి తలుపు మీద కాగితం. నువ్వు ఒంటిగంటకి వచ్చి తొమ్మిదిన్నరకి ఇంటికి వెళ్ళు. తాళాలు ఉదయం షిఫ్ట్ చూసే మనిషికి ఇవాళ రాత్రే అప్పగించు.